రిపోర్టు సాయంత్రం వస్తుంది, డాక్టర్ రేపొద్దున చూస్తారు

గుంటూరు కొత్తపేటలోనైనా, విజయవాడ సూర్యారావుపేటలోనైనా సాయంత్రం ఆరు దాటాక ల్యాబుల మెట్ల మీద కవర్లు చించి కాగితాలు చదువుకునేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. ఇప్పుడైతే కవరు కూడా అక్కర్లేదు, రిపోర్టు వాట్సాప్‌లోనే వచ్చేస్తుంది. నరసరావుపేట నుంచో రేపల్లె నుంచో వచ్చిన మనిషి ఆ రాత్రికి ఏ బంధువుల ఇంట్లోనో తలదాచుకుని, తెల్లారాక టోకెన్ తీసుకుని డాక్టర్‌ని కలవాలి. ఈలోపు రాత్రంతా ఆ కాగితంతోనే గడపాలి. అందులో ఉన్న ప్రతి కొత్త మాటా ఒక టెన్షనే.

ఈసీజీ కాగితం పైన 'సైనస్ రిథమ్' అని ఉంటుంది. ముక్కు పక్కన ఉండే సైనస్ గుండెకి పాకిందా అని అడిగినవాళ్లు నాకు తెలుసు. ఆ రెండింటికీ సంబంధమే లేదు. గుండె కుడివైపు పై గది గోడలో సైనస్ నోడ్ అనే చిన్న కణాల ముద్ద ఉంటుంది. ప్రతి గుండె చప్పుడుకీ కరెంటు పుట్టాల్సింది అక్కడే. అక్కడి నుంచే పుడుతోందని చెప్పడమే సైనస్ రిథమ్. అంటే గుండె లయ ఉండాల్సినట్టే ఉంది.

ఎకో రిపోర్టులో 'ఈఎఫ్ 60 శాతం' అని ఉంటే ఇంకా కంగారు. "మేడమ్, గుండె అరవై శాతమే పనిచేస్తోందా?" అని కళ్లనీళ్లు పెట్టుకున్న తల్లులున్నారు. మార్కుల లెక్కలో చూస్తే అరవై తక్కువే. కానీ ఈఎఫ్ మార్కు కాదు, గదిలో నిండిన రక్తంలో ఒక్క చప్పుడుకి ఎంత శాతం బయటికి వెళ్తుందో చెప్పే లెక్క. గుండె ఎడమ కింది గది నిండినప్పుడు అందులో సుమారు 120 మిల్లీలీటర్ల రక్తం ఉంటే, ఒక్క చప్పుడుకి 70 మిల్లీలీటర్ల దాకా బయటికి పంపి మిగతాది ఉంచుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న గుండె ఎప్పుడూ పూర్తిగా ఖాళీ అవదు. ఈఎఫ్ 55 నుంచి 70 మధ్య ఉంటే మంచి గుండె అని అర్థం. 40 కంటే తగ్గినప్పుడు డాక్టర్లు గుండె బలహీనపడిందంటారు.

ఈ రెండూ బాగున్న గుండె గురించి రాసిన మాటలే. అవి చదివి నిద్ర మానుకున్నవాళ్లు ఉన్నారు. ఇంకోపక్క, నిజంగా భయపడాల్సిన రాత్రి 'గ్యాస్' అనుకుని సోడా తాగి పడుకున్నవాళ్లూ ఉన్నారు. ఆసుపత్రి మాట మనకు అర్థం కాకపోవడం ఎంత నష్టమో, మన మాట ఆసుపత్రికి సరిగ్గా అందకపోవడమూ అంతే నష్టం. రెండోదాన్ని మనం పెద్దగా పట్టించుకోం.

రిపోర్టు ఎవరు ఎవరికి రాస్తారు

స్కానింగ్ రిపోర్టును రేడియాలజిస్టు, అంటే స్కాన్ బొమ్మలు చూసి చెప్పే డాక్టర్, రాస్తారు. చదవాల్సింది మనల్ని అక్కడికి పంపిన డాక్టర్. కాగితం మన చేతుల మీదుగా వెళ్తుంది కాబట్టి మనం చదువుతాం, తప్పులేదు. అయితే ఎక్కడి నుంచి చదవాలో తెలియాలి. మొదటి భాగంలో లివర్, గాల్ బ్లాడర్, పాంక్రియాస్, స్ప్లీన్, కిడ్నీలు, ఇలా చూసినవన్నీ వరసగా రాస్తారు. బాగున్నవాటి గురించి కూడా రాయాల్సిందే, అది పద్ధతి. చివర్లో 'ఇంప్రెషన్' అనే రెండు మూడు లైన్లు ఉంటాయి. రేడియాలజిస్టు ఇన్ని చూసి తేల్చింది అక్కడ ఉంటుంది. ముందు దాన్ని చదివి, తర్వాత పైకి వెళ్తే సగం భయం తగ్గుతుంది.

మొదటి భాగంలో మామూలుగా ఉన్నాయని చెప్పే మాటలే వింతగా కనిపిస్తాయి. 'అన్‌రిమార్కబుల్' అంటే చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదని. 'గ్రాస్లీ నార్మల్' అంటే మొత్తం మీద బాగుందని. కిడ్నీల దగ్గర 'సీఎమ్‌డీ మెయింటెయిన్డ్' అని రాస్తే, కిడ్నీ పై పొరకూ లోపలి భాగానికీ మధ్య తేడా స్కానింగ్‌లో స్పష్టంగా కనిపిస్తోందని, అంటే కిడ్నీ నిర్మాణం చెడలేదని. 'క్లినికల్ కోరిలేషన్ సజెస్టెడ్' అనే మాట మాత్రం చాలామందిని తినేస్తుంది, ఏదో పెద్ద జబ్బును దాచిపెట్టి అలా రాశారని అనుమానం. బొమ్మలో నాకు కనిపించింది ఇది, మీ దగ్గరున్న మనిషి బాధతో ఇది కలుస్తుందో లేదో మీరు చూసుకోండి అని ఒక డాక్టర్ ఇంకో డాక్టర్‌కి చెప్పడమే అది.

'లీజన్' అన్నా అంతే. చుట్టూ ఉన్న కండకన్నా వేరుగా కనిపించిన చోటు ఏదైనా లీజనే. పాత మచ్చ కావచ్చు, నీటి సంచి కావచ్చు, గడ్డ కావచ్చు. ఆ మాట పక్కన ఏముందో చూడాలి. కిడ్నీలో 'సింపుల్ సిస్ట్' అంటే పల్చటి గోడ ఉన్న నీటి సంచి. యాభై దాటినవాళ్లలో ఇది మామూలుగా కనిపిస్తుంది, సాధారణంగా ఏ చికిత్సా అక్కర్లేదు. అదే గోడ మందంగా ఉందనో, లోపల గట్టి భాగం ఉందనో రాస్తే మళ్లీ చూపించుకోవాల్సిందే.

పేరును ముక్కలు చేస్తే

శరీరంలో భాగాల పేర్లు ఎక్కువగా గ్రీకు, లాటిన్ భాషల నుంచి వచ్చినవి. ఒకప్పుడు డాక్టర్లకే ఇవి పెద్ద చిక్కు. ఒకే భాగాన్ని దేశానికో పేరుతో పిలిచేవారు. 1895లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో శరీర శాస్త్రజ్ఞులు కూర్చుని, వాడుకలో ఉన్న యాభై వేల దాకా పేర్లను సుమారు ఐదు వేలకు కుదించారు. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న జాబితాకు పునాది 1998లో వచ్చింది. కాబట్టి గుంటూరు మెడికల్ కాలేజీలో చదివినా గ్లాస్గోలో చదివినా కిడ్నీ పక్క నాళానికి పేరు ఒక్కటే. ఆ పేర్లకు ఒక పద్ధతి ఉంది. ముందు చోటు, తర్వాత అక్కడ జరిగింది.

'హెపటో' అంటే లివర్. 'స్ప్లీనో' అంటే ప్లీహం, ఎడమ పక్కటెముకల కింద ఉండేది. 'మెగాలీ' అంటే పెరగడం. ఈ మూడూ తెలిస్తే 'హెపటోస్ప్లీనోమెగాలీ' లివర్, స్ప్లీన్ రెండూ సైజు పెరిగాయన్న మాటే. మలేరియా, టైఫాయిడ్ లాంటి జ్వరాల్లో కూడా ఇవి పెరుగుతాయి, జ్వరం తగ్గాక మామూలుకు వస్తాయి. ఎందుకు పెరిగాయో ఆ పేరు చెప్పదు.

ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. చాలా పేర్లు ఏం జరిగిందో చెబుతాయి, ఎందుకు జరిగిందో చెప్పవు. 'ఐటిస్' అనే తోక దీనికి మంచి ఉదాహరణ. ఏ పేరు చివర అది ఉన్నా ఆ భాగం వాచి, ఎర్రబడి, నొప్పిగా ఉందని అర్థం. టాన్సిలైటిస్, అపెండిసైటిస్, ఆర్థరైటిస్, హెపటైటిస్, అన్నీ అంతే. హెపటైటిస్ అనగానే వైరస్ గుర్తొస్తుంది, కానీ మద్యం వల్లా, కొన్ని మందుల వల్లా కూడా లివర్ అలాగే వాచిపోతుంది. గ్యాస్ట్రైటిస్ అంటే పొట్ట లోపలి పొర వాచడం. మన జిల్లాలో ఎవరికైనా ఆ మాట వినిపిస్తే నేరం వెంటనే మిరపకాయ మీద పడుతుంది. కారం ఉన్న మంటను పెంచవచ్చు, నిజమే. అయితే గ్యాస్ట్రైటిస్‌కీ అల్సర్లకీ అసలు కారణాల్లో పెద్దవి రెండు. ఒకటి హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా. దాన్ని 1982లో పట్టుకున్న ఆస్ట్రేలియా డాక్టర్లు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. రెండోది ఒళ్లు నొప్పులకు మందుల షాపులో అడిగి కొనుక్కునే పెయిన్ కిల్లర్లు. మోకాళ్ల నొప్పికి నెలల తరబడి బిళ్లలు మింగుతూ, పచ్చడి మాత్రం మానేసి, కడుపులో మంట ఎందుకు తగ్గడం లేదని బాధపడేవాళ్లు ఎందరో.

'ఓమా' అనే తోక వినగానే క్యాన్సర్ అనుకుంటారు. అది గడ్డ అని మాత్రమే చెబుతుంది. లైపోమా చర్మం కింద మెత్తగా కదిలే కొవ్వు గడ్డ, ప్రాణానికి హాని చెయ్యదు. హెమటోమా అసలు పెరుగుదలే కాదు, దెబ్బ తగిలినచోట గడ్డకట్టిన రక్తం. లింఫోమా, కార్సినోమా మాత్రం క్యాన్సర్లే. తేల్చి చెప్పేవి 'బినైన్', 'మాలిగ్నెంట్' అనే మాటలు. మొదటిది పాకని గడ్డ, రెండోది పాకే గుణం ఉన్నది. గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించే బయాప్సీ రిపోర్టులో వెతకాల్సింది ఆ మాటల కోసం.

ఆపరేషన్ల పేర్ల దగ్గర ఇంకొంచెం ఆగుతాను. ఇక్కడ తెలియకపోవడం వల్ల మన ఆడవాళ్లకు నిజంగా నష్టం జరిగింది. 'ఆటమీ' అంటే కోసి తెరవడం. 'ఆస్టమీ' అంటే దారి చెయ్యడం, గొంతు దగ్గర పెట్టే ట్రాకియాస్టమీ లాగా. 'ప్లాస్టీ' అంటే బాగుచెయ్యడం. 'ఎక్టమీ' అంటే తీసేయడం. హిస్టరెక్టమీ అంటే గర్భసంచి తీసేయడం. దేశంలో ఈ ఆపరేషన్ ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపించాయి. నలభై కూడా నిండని ఆడవాళ్లకు 'గర్భసంచి పాడైంది, ఉంటే క్యాన్సర్ వస్తుంది' అన్న ఒక్క మాటతో ఆపరేషన్ అయిపోయిన ఊళ్లు కృష్ణాకి ఇటూ అటూ ఉన్నాయి. ఆ స్కానింగ్ కాగితాల మీద ఉండేవి చాలాసార్లు ఇలాంటి మాటలే. 'బల్కీ యూటరస్', అంటే గర్భసంచి కాస్త పెద్దదిగా ఉందని. ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కన్నవాళ్లకు అది సహజం. 'నబోథియన్ సిస్ట్', అంటే గర్భసంచి ముఖద్వారం మీద చిన్న నీటి పొక్కు, హాని లేనిది. 'రెట్రోవర్టెడ్', అంటే గర్భసంచి వెనక్కి ఒరిగి ఉందని. సుమారు ఐదుగురిలో ఒకరికి పుట్టుకతోనే అలా ఉంటుంది, జబ్బు కాదు. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ దానంతట అదిగా గర్భసంచి తీసేయడానికి కారణం కాదు. ఫైబ్రాయిడ్లనే క్యాన్సర్ కాని గర్భసంచి గడ్డల వల్ల విపరీతంగా రక్తం పోతుంటే, మందులతో ఆగకపోతే, క్యాన్సర్ తేలితే ఆపరేషన్ అవసరమే, అప్పుడు వెనకాడకూడదు. కానీ ఆపరేషన్ అనగానే 'నా రిపోర్టులో ఏ మాటను బట్టి చెబుతున్నారు, మందులతో చూసే వీలుందా?' అని అడగడం ప్రతి ఆడమనిషి హక్కు. ఇంకో ఆసుపత్రిలో ఇంకో డాక్టర్‌కి చూపించడంలో ఎవరికీ అవమానం లేదు.

ఆపరేషన్ అయ్యాక ఇచ్చే డిశ్చార్జి కాగితంలో ఒక్క లైను తప్పకుండా చూడాలి. హిస్టరెక్టమీ పక్కన 'బీఎస్‌ఓ' అని ఉంటే, గర్భసంచితో పాటు రెండు ట్యూబులూ రెండు అండాశయాలూ తీసేశారని. అండాశయాలు పోతే ఆ రోజు నుంచే హార్మోన్ ఆగిపోతుంది, ఒంట్లో ఆవిర్లు వస్తాయి, ఎముకలు త్వరగా గుల్లబారతాయి. గర్భసంచి ఒక్కటే తీస్తే అంత తొందరగా అలా జరగదు. తమకు ఏది తీశారో తెలియని ఆడవాళ్లు మన చుట్టూ చాలామంది ఉన్నారు. పదేళ్ల తర్వాత నడుం నొప్పితో వెళ్లినప్పుడు డాక్టర్‌కి కావాల్సింది ఆ మూడు అక్షరాలే.

మెడ నొప్పితో ఎక్స్‌రే తీయించుకున్నవాళ్లు 'సర్వైకల్ స్పాండిలోసిస్' చూసి, సర్వైకల్ క్యాన్సర్ గురించి టీవీలో విన్నది గుర్తొచ్చి హడలిపోతారు. లాటిన్‌లో సెర్విక్స్ అంటే మెడ, కాబట్టి మొదటిది మెడ పూసల అరుగుదల. గర్భసంచికి కూడా మెడ లాంటి భాగం ఉంది కాబట్టి దానికీ అదే పేరు. చోట్లు వేరు, జబ్బులు వేరు.

చిన్న మాటలు

పెద్ద పేర్లు భయపెడతాయి, వాటి ముందు ఉండే చిన్న మాటల్ని మాత్రం దాటేస్తాం. 'అక్యూట్', 'క్రానిక్' అన్నవి జబ్బు ఎంత తీవ్రమో చెప్పవు. అక్యూట్ అంటే ఈమధ్యే మొదలైంది. క్రానిక్ అంటే చాలాకాలంగా ఉంది. కిడ్నీల విషయంలో ఈ తేడా చాలా పెద్దది. ఎండలో పనిచేసి, విరేచనాలై, ఒంట్లో నీరు పోయి రక్తంలో కిడ్నీలు వడకట్టాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం అమాంతం పెరిగితే దాన్ని 'అక్యూట్ కిడ్నీ ఇంజురీ' అంటారు. చాలామందిలో సరైన వైద్యంతో కిడ్నీలు కోలుకుంటాయి. మూడు నెలలు దాటి దెబ్బతిని ఉంటే 'క్రానిక్ కిడ్నీ డిసీజ్'. అక్కడ పని ఉన్నదాన్ని కాపాడుకోవడం. ఒకే క్రియాటినిన్ అంకె రెండు రకాలుగానూ అర్థం కావచ్చు. అందుకే పాత రిపోర్టులు పారెయ్యకూడదు. గత ఏడాది అంకె పక్కన పెడితేనే ఈ ఏడాది అంకె ఏం చెబుతుందో డాక్టర్‌కి తెలుస్తుంది.

'నెగటివ్', 'నాన్ రియాక్టివ్' అంటే వెతికింది దొరకలేదని, మంచి వార్త. 'ఇడియోపతిక్' అంటే కారణం తేలలేదని. 'హార్ట్ ఫెయిల్యూర్' అంటే గుండె ఆగిపోయిందని కాదు, పంపు చేసే శక్తి తగ్గిందని. మందులతో ఏళ్ల తరబడి బతికేవాళ్లున్నారు.

వెన్నుపూస ఎమ్మారై రిపోర్టులు మాత్రం నిండా భయపెట్టే మాటలతో వస్తాయి. 'డీజెనరేటివ్ చేంజెస్' అంటే అరుగుదల, 'ఎల్4–ఎల్5 డిస్క్ బల్జ్' అంటే అక్కడి డిస్క్ కాస్త ఉబ్బడం, 'ఆస్టియోఫైట్స్' అంటే పూస అంచున ముల్లులా పెరిగిన ఎముక. వెన్నులో మెడకు 7, వీపుకు 12, నడుముకు 5 పూసలు. ఎల్ అంటే నడుము పూస. ఎల్4–ఎల్5 అంటే నాలుగో అయిదో నడుము పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్, ఒంటి బరువు ఎక్కువగా పడే చోటు. ఇంట్లో దీన్నే 'డిస్క్ జరిగింది', 'గ్యాప్ వచ్చింది' అంటారు. 2015లో అమెరికా న్యూరోరేడియాలజీ పత్రికలో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. నొప్పి అంటూ ఏమీ లేని మూడు వేలమందికి పైగా మనుషుల స్కాన్లను కలిపి చూశారు. ఇరవై ఏళ్లవాళ్లలో 30 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి డిస్క్ బల్జ్ ఉంది. జుట్టు నెరిసినట్టు వెన్నూ ముదురుతుంది. కాబట్టి బల్జ్ ఉన్నంత మాత్రాన ఆపరేషన్ అవసరం అనుకోకూడదు. కాలు బలం తగ్గుతోందా, మల మూత్రాల మీద పట్టు పోతోందా, కాళ్ల మధ్య స్పర్శ తగ్గిందా, ఇవి ఉంటే మాత్రం గంట కూడా ఆగకూడదు.

ఇక దిక్కులు. రిపోర్టులో కుడి ఎడమలు ఎప్పుడూ రోగివే, చూసేవాళ్లవి కావు. 'యాంటీరియర్' ముందు, 'పోస్టీరియర్' వెనక. గర్భిణుల స్కానింగ్‌లో 'ప్లసెంటా యాంటీరియర్' అని ఉంటే మగపిల్లాడని, పోస్టీరియర్ అయితే ఆడపిల్లని చెప్పుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మాయ గర్భసంచి ముందు గోడకు అంటుకుందా వెనక గోడకా అన్నదే ఆ మాట. బిడ్డ ఆడా మగా అన్నదానితో ఏ సంబంధమూ లేదు. పుట్టకముందు లింగం చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం కూడా. ఆ కాగితంలో నిజంగా చూడాల్సింది 'లో లయింగ్' అనే మాట. మాయ కిందికి ఉంటే రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది కాబట్టి డాక్టర్ చెప్పిన నెలలో మళ్లీ స్కానింగ్ చేయించుకోవాలి.

మనం చెప్పే మాట

ఇప్పటిదాకా వాళ్ల మాట మనకు ఎలా చేరుతుందో చూశాం. మనం డాక్టర్ ముందు కూర్చుని చెప్పే మాటలు ఇంతకంటే చిక్కు.

'నరం' తీసుకోండి. నర్సు సెలైన్ పెట్టబోతూ 'నరం దొరకట్లేదు' అంటుంది, ఆమె వెతికేది రక్తాన్ని గుండెకు తీసుకెళ్లే సిర. కాళ్ల మీద నీలంగా, మెలికలు తిరిగి నరాలు ఉబ్బాయంటే అవీ సిరలే, వెళ్లాల్సింది రక్తనాళాల డాక్టర్ దగ్గరికి. చెయ్యి మెలిపడి నరం పట్టేసిందంటే అది కండరమో, ఎముకకు కట్టి ఉండే తంతువో, చూసేది ఎముకల డాక్టర్. షుగర్ ఉన్నవాళ్లకు అరికాళ్లు మొద్దుబారి సూదులు గుచ్చినట్టు ఉంటే, మెదడుకు కబురు మోసే అసలైన నరం అది. గోడల మీద రాసే 'నరాల బలహీనత'కి ఇంకో అర్థం ఉంది, లైంగిక సమస్యను సిగ్గుతో చెప్పలేక దాన్ని వాడతారు. ఆ ఇబ్బంది వెనక తరచుగా షుగరో బీపీనో రక్తనాళాల జబ్బో ఉంటుంది. దాచితే అవీ దాగిపోతాయి. అందుకే నరం అని ఊరుకోకుండా ఎక్కడ, ఎలా ఉందో చెప్పాలి. మొద్దుబారిందా, ఉబ్బిందా, లాగుతోందా, బలం లేదా.

'కళ్లు తిరుగుతున్నాయి' అనే మాట కూడా అంతే. గది మొత్తం గిర్రున తిరిగినట్టు ఉంటే ఎక్కువగా లోపలి చెవిలో తేడా. మంచం మీంచి లేవగానే కళ్లు చీకట్లు కమ్మి పడిపోబోయినట్టు ఉంటే బీపీ పడిపోవడమో, రక్తం తక్కువగా ఉండడమో. తూలిపోతూ నడవలేకపోతే, మాట కూడా తేడాగా వస్తే మెదడు. ఈ మూడింటికీ మూడు రకాల వైద్యాలు.

కడుపు నొప్పి అన్నప్పుడు ఒక్క వేలితో చోటు చూపిస్తే చాలు, సగం పని అయిపోతుంది. డాక్టర్లు పొట్టను తొమ్మిది గడులుగా చూస్తారు. కుడి పక్కటెముకల కింద మొదలై కుడి భుజం వెనక్కి లాగితే గాల్ బ్లాడర్‌ని అనుమానిస్తారు. బొడ్డు చుట్టూ మొదలై కొన్ని గంటల్లో కుడివైపు కిందికి దిగితే అపెండిక్స్. నడుము పక్క నుంచి గజ్జల దాకా మెలిపెడుతూ వస్తే కిడ్నీ రాయి. పొట్ట పై భాగంలో పుట్టి వీపులోకి దూసుకుపోతే పాంక్రియాస్.

అన్నింటికంటే ప్రమాదకరమైన మాట 'గ్యాస్'. ఈసీజీలో 'ఇన్ఫీరియర్ వాల్' అని రాస్తారు. అంటే గుండె కింది గోడ. ఆ గోడ ఛాతీనీ పొట్టనీ వేరు చేసే డయాఫ్రమ్ అనే కండరం మీద ఆనుకుని ఉంటుంది. ఆ గోడకు రక్తం ఆగిపోతే నొప్పి చాలామందికి పొట్ట పైభాగంలో తెలుస్తుంది, వాంతి వచ్చినట్టు ఉంటుంది, తేన్పులు కూడా వస్తాయి. తేన్పు వచ్చింది కాబట్టి గ్యాసే అనుకోవడం ప్రాణాల మీదికి తెస్తుంది. షుగర్ ఉన్నవాళ్లలో అసలు నొప్పే లేకుండా ఆయాసం, చెమటలు, నీరసం మాత్రమే రావచ్చు. నలభై దాటినవాళ్లకు, షుగర్ బీపీ ఉన్నవాళ్లకు, సిగరెట్ తాగేవాళ్లకు పొట్ట పైన గానీ ఛాతీలో గానీ బరువుగా ఉండి చెమట పడితే ఈసీజీ తీయించాలి. మొదటి ఈసీజీ బాగున్నా బాధ తగ్గకపోతే మళ్లీ తీయించాలి.

వార్తల్లో 'గుండెపోటుతో కుప్పకూలారు' అని ఒకే మాటగా రాసేస్తారు గానీ అవి రెండు. గుండె రక్తనాళం పూడుకుపోవడం హార్ట్ ఎటాక్, మనిషి సాధారణంగా స్పృహలోనే ఉంటాడు, ఆసుపత్రికి తీసుకెళ్లే వ్యవధి ఉంటుంది. గుండె కొట్టుకోవడమే ఆగిపోవడం కార్డియాక్ అరెస్ట్, మనిషి క్షణాల్లో స్పృహ తప్పుతాడు, ఊపిరి ఆగుతుంది. అప్పుడు 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలి. మొదటిది రెండోదానికి దారితీయవచ్చు, అందుకే గంటలు వృథా చేయకూడదు.

పక్షవాతం పేరులో వాతం ఉంది కాబట్టి కాలూ చెయ్యీ జబ్బనుకుని మర్దనలకు తీసుకెళ్తారు. జబ్బు ఉన్నది మెదడులో. ఎడమ చెయ్యి పడిపోతే దెబ్బ తగిలింది మెదడు కుడివైపున. రక్తం గడ్డ అడ్డుపడినదైతే దాన్ని కరిగించే ఇంజెక్షన్‌ను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. మూతి ఒక పక్కకు వంకరపోయినా, చెయ్యి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా టైము చూసుకుని సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికే వెళ్లాలి. అక్కడ మొదట అడిగే ప్రశ్న 'చివరిసారి బాగా ఉన్నది ఎన్ని గంటలకు?' అని. దానికి జవాబు ఇంటివాళ్ల దగ్గరే ఉంటుంది.

మందుల చీటీ మీద అక్షరాలు కూడా లాటిన్‌వే. ఓడీ రోజుకొకసారి, బీడీ రెండుసార్లు, టీడీఎస్ మూడుసార్లు, హెచ్‌ఎస్ పడుకోబోయే ముందు, ఎస్‌ఓఎస్ అవసరమైతేనే. కళ్ల డాక్టర్ చీటీలో మాత్రం ఓడీ అంటే కుడి కన్ను, ఓఎస్ అంటే ఎడమ కన్ను. ఓడీ అని చూసి చుక్కల మందు రోజుకొకసారి అనుకుంటే పొరపాటే, ఎన్నిసార్లన్నది పక్కన వేరుగా రాసి ఉంటుంది. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ బిళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఆ జబ్బుకు దాన్ని వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే నోట్లో పుళ్లు పడి, తెల్లరక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆ బిళ్ల రాసిచ్చినప్పుడు 'వారానికోసారి' అని వదిలెయ్యకుండా, ఆదివారమో బుధవారమో, ఆ రోజు పేరును చీటీ మీద తెలుగులో రాయించుకోవాలి.